జీతం అడగాల్సిన టైముకి నోరు పెగలట్లేదు, ఎలా ప్రాక్టీస్ చేయాలి?

కొత్తఆఫర్:
ఆఫర్ వచ్చింది. ఇస్తామన్నది నేను అనుకున్నదానికంటే ఓ 15 శాతం తక్కువ. గురువారం హెచ్‌ఆర్‌తో కాల్. పోయినసారి ఇలాగే "ఎంత అనుకుంటున్నారు?" అని అడిగితే, రాత్రంతా లెక్కలేసుకున్న అంకె గొంతులోనే ఉండిపోయి "మీరెంత ఇస్తే అంతే" అనేశాను, రెండేళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను. ఏం అడగాలో తెలుసు, చాలా చదివాను కూడా. అడగడమే రాదు. అద్దం ముందు ట్రై చేస్తే నవ్వొచ్చింది.

పాతకాపు:
అద్దం వదిలేయండి, అది ఎదురు మాట్లాడదు కదా. ఒక ఫ్రెండ్‌ని హెచ్‌ఆర్‌గా పెట్టుకుని ఫోన్ చేయించుకోండి, పక్క గదిలో ఉన్నా సరే ఫోన్‌లోనే, ఎందుకంటే మొహం కనపడకుండా వచ్చే ఆ మౌనం అలవాటవ్వాలి. రికార్డ్ చేసి వినండి. నాది మొదటిసారి విన్నప్పుడు సిగ్గేసింది: అంకె చెప్పి సెకను కూడా ఆగకుండా "అంటే, కుదిరితేనే, కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు" అని నేనే తగ్గించేసుకున్నాను, అవతలివాడు ఇంకా నోరే తెరవలేదు! ఆ తర్వాత నా ప్రాక్టీసంతా దాని మీదే. అంకె చెప్పడం, నోరు మూసుకోవడం, మనసులో పది లెక్కపెట్టడం.

ఫ్రెండ్‌కి ముందే చెప్పండి, తేలిగ్గా ఒప్పుకోవద్దని, "మా బడ్జెట్ ఇంతే", "ఇప్పుడు మీకెంత వస్తోంది?", "ఈరోజే తేల్చాలి" అనే మూడు మాటలు తప్పకుండా అనమని. జవాబులు బట్టీ పట్టకండి, ఒక్క ముక్క మర్చిపోతే మొత్తం పోతుంది.

నిదానం:
రెండో రౌండులో మీరే హెచ్‌ఆర్ అవండి. ఎక్కువ అడిగినవాళ్ల మీద కోపం రాదని అప్పుడు తెలుస్తుంది, కారణం లేకుండా "ఇంకొంచెం పెంచండి" అంటేనే, పైవాళ్లకి ఏం చెప్పాలో తెలియక చిరాకొస్తుంది. అందుకని అంకె పక్కన పనికి సంబంధించిన ఒక కారణం ఉండాలి, ఇంటి ఖర్చులు కాదు. ఇంకోటి, వాళ్లు ముందే అంకె చెప్పేశారు కాబట్టి మీ బుర్ర దాని చుట్టూనే తిరుగుతుంది. దీన్నే యాంకరింగ్ అంటారు, 1974లోనే ట్వెర్‌స్కీ, కానెమన్ అనే సైకాలజిస్టులు దీని గురించి రాశారు. ప్రాక్టీసులో వాళ్ల అంకె ఎత్తకండి, మీదే పలకండి.

లెక్కలమాస్టారు:
అంతా బాగానే ఉంది కానీ, ఇంతకంటే తక్కువైతే వద్దంటాను అనే హద్దు రాసుకోకపోతే ఎంత ప్రాక్టీస్ చేసినా గొంతు వణుకుతుంది. లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పకండి, లెటర్ చూపించమంటే ఏం చేస్తారు? జీతం బదులు జాయినింగ్ బోనస్ ఇస్తామంటే వెంటనే తలూపకండి. 100 బదులు 110తో చేరితే, ఏటా 8 శాతం పెరిగినా ఐదేళ్లకి ఆ 10 తేడా దాదాపు 14.7 అవుతుంది. బోనస్ ఒక్కసారే, పైగా త్వరగా మానేస్తే తిరిగి కట్టమనే షరతు చాలాచోట్ల ఉంటుంది.

కొత్తఆఫర్:
అందరికీ థ్యాంక్స్ అండి. నిన్న మా అక్కతో నాలుగు రౌండ్లు చేశాను. హెచ్‌ఆర్ కంటే ఘోరం, "నీకంత సీన్ లేదు" అంది. మొదటి మూడుసార్లు ఆరు లెక్కపెట్టేసరికే ఏదో వాగేశాను. నాలుగోసారి పది దాటింది, అక్కే ముందు మాట్లాడింది.