వ్యాధిశేషమా, శత్రుశేషమా?

పెన్నాతీరం: దేన్నీ మిగల్చొద్దనే ఆ సంస్కృత శ్లోకంలో ఋణశేషం, అగ్నిశేషం... మూడోది ఏది? చివర "శేషం న కారయేత్" దాకా నోటికొస్తోంది, నడుమ మాటే జారిపోయింది. వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు జబ్బు) కరపత్రంలో రెమిషన్ (జబ్బు సద్దుమణిగిన దశ) అన్న మాటకు తోడుగా వెయ్యాలి.

గుండ్లకమ్మ: శత్రుశేషం. జనం నోట ఉన్నది అదే.

మన్నేరు: జనం నోరు సరే, గురులఘువులు చూడండి సార్. "శత్రుశేషస్తథైవ చ", "వ్యాధిశేషస్తథైవ చ" రెండూ ఎనిమిదేసి అక్షరాలే. "త్రు" ముందున్న "శ" గురువు, "వ్యా" దీర్ఘం కాబట్టి గురువు, రెండో అక్షరం రెండింటా లఘువు. ఛందస్సు తీర్పు చెప్పదు.

ల్యాబుగది: పాఠం ఏదైనా రెమిషన్‌కి వ్యాధిశేషం నప్పదు. జబ్బు చురుకును కొలిచే బీవాస్ స్కోరు 0 అంటే పైకి లక్షణాలేవీ లేవని. లోపల మిగిలిందో లేదో తెలియనిదాన్ని శేషమని ఎట్లా అంటాం? రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ తగ్గిందని చల్లారిందనుకోలేం. టోసిలిజుమాబ్ మందు వాపు సంకేతమైన ఐఎల్-6 దారి మూసేస్తే కాలేయం సీఆర్‌పీ చెయ్యడం దాదాపు మానేస్తుంది. టకయాసులో (పెద్ద ధమనుల వాస్కులైటిస్) ధమని గోడ మండుతున్నా కాగితం మీద మామూలు అంకే రావచ్చు. ఈఎస్ఆర్ అనే మరో వాపు పరీక్షది ఇంకో తంటా, రక్తహీనత ఉన్నా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ వస్తే రెండూ లేస్తాయి.

పెన్నాతీరం: అయితే అగ్నిశేషమే! నివురుగప్పిన నిప్పు.

గుండ్లకమ్మ: నీఱుగప్పిన నిప్పు అనండి. నివురైనా నీఱైనా బూడిదే. బండి ఱ తీసేసి "నీరు" రాస్తే మాత్రం నిప్పు మీద నీళ్లు పోసినట్టే, మీ కరపత్రం అబద్ధమైపోతుంది.

మన్నేరు: శేషమంటే మిగులే కానక్కర్లేదు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషం ఏమిటి? తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టాడు, ఎఱ్ఱన వచ్చేదాకా ఆ ఖాళీ అట్లే ఉంది. పూరించి, తన ఏలిక ప్రోలయ వేమారెడ్డికి కాక రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అక్కడ శేషం చెయ్యాల్సిన పని.

గుండ్లకమ్మ: తిక్కన మీద నెపం పెట్టి నెల్లూళ్లో తిరగగలరా స్వామీ?

ల్యాబుగది: చెయ్యాల్సిన పని అన్న అర్థం బాగుంది. రెమిషన్ వచ్చాకే కాపలా పని. యాంకా (సొంత తెల్లకణాల మీదికే పోయే యాంటీబాడీ) రకాల్లో పీఆర్3 వాళ్లకు ఎంపీఓ వాళ్లకన్నా తిరగబెట్టడం ఎక్కువ. టైటర్ (రక్తంలో ఆ యాంటీబాడీ మోతాదు) పోల్చాలంటే అదే ల్యాబు, అదే కిట్టు ఉండాలి. కిట్టు మారితే పెరిగిందో తగ్గిందో చెప్పలేం. టైటర్ ఒక్కటే పెరిగిందని మందు మార్చరు, మూత్రంలో ఎర్రకణాలు, క్రియాటినిన్ కలిపి చూస్తారు. బి కణాల్ని తుడిచేసే రిటుక్సిమాబ్ మందు వాళ్లకు ఆ సీడీ19 కణాలు తిరిగొచ్చాయా అన్నది ఇంకో కొలత. మెయిన్‌రిట్‌సాన్-2 అధ్యయనంలో సీడీ19, యాంకా చూసుకుంటూ మందిస్తే ఇన్ఫ్యూజన్లు సగటున 5 బదులు 3తో సరిపోయాయి. అయినా కణాలు రాకముందే తిరగబెట్టినవాళ్లూ ఉంటారు.

పెన్నాతీరం: "తిరగబెట్టింది" అన్న చక్కటి మాట ఉండగా దాని జోడీ అయిన రెమిషన్‌కి సంస్కృతం దేనికి? ఉపశమనం అంటే తలనొప్పి బామ్ ప్రకటన గుర్తొస్తోంది.

మన్నేరు: శమనుడంటే యముడు కూడా, జాగ్రత్త. "నెమ్మదించింది" అనండి.

గుండ్లకమ్మ: నెమ్మదించింది అంటే జ్వరమనుకుంటారు. అదట్లా ఉంచండి, చివర "న కారయేత్" అన్నారే, "న రక్షయేత్" కాదూ?