సమస్యాపూరణం: వాడిపోయిన పూవులే వన్నె తెచ్చు

నిర్వాహకుడు: ఈ వారం ఇచ్చిన సమస్య, అనగా సభ్యులు ముందు మూడు పాదాలు వ్రాసి పూరించవలసిన పై పంక్తి, తేటగీతి అనే పద్యానికి నాలుగవ పాదము. అమెరికాలో పెరటి తోటలు పెంచుతున్న సభ్యులు ఎక్కువగా కోరినందువలన, పూరణ ఊదారంగు కోన్‌ఫ్లవర్, అనగా ఎకినేసియా, పెంపకం మీదనే సాగాలని నియమం పెట్టాము. అది ఉత్తర అమెరికాలోనే పుట్టిన బహువార్షికపు మొక్క. రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలువని నేల ఉంటే చాలు, ఎరువు ఎక్కువైతే కాడలు సాగి వాలిపోతాయి. యతి, అనగా పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరవలసిన మైత్రి, ఎంత ముఖ్యమో మొక్క స్వభావమూ అంతే ముఖ్యమని గుర్తుంచుకొని వ్రాయగలరు. ‘పూవులే’ అన్న చోట ఉన్న అవధారణకు, అనగా ‘అవి మాత్రమే’ అని నొక్కి చెప్పడానికి, సమర్థన చూపడం తప్పనిసరి.

న్యూజెర్సీ సభ్యురాలి పూరణ:

మంచు కప్పిన పెరటిలో మాడి నిలిచి
గింజ దాచిన కోనులన్ గెలికి తినెడు
పసుపు పిచ్చుక లాడెడు పట్టు లగుచు
వాడిపోయిన పూవులే వన్నె తెచ్చు.

నిర్వాహకుడు: అమ్మా, ధార బాగున్నది. మంచు కప్పిన కాలాన్ని ఎన్నుకోవడం వలన, పెరటిలో మరే పువ్వూ లేని వేళ ఈ ఎండు తలలే, అనగా పువ్వు నడుమ ఉండే కోనులే, మిగులుతాయి కనుక, అవధారణ తనంతట తానే సమర్థించబడింది. ఇది ఈ పూరణలోని అసలైన నేర్పు. అయితే పసుపు పిచ్చుక అని మీరన్నది గోల్డ్‌ఫించ్‌ను ఉద్దేశించే కదా. 1935 నుండి మీ రాష్ట్ర పక్షి అయిన ఆ పిట్టలో మగది వేసవిలోనే మెరిసే పసుపు రంగులో ఉంటుంది, శరదృతువులో ఈకలు మార్చుకొని చలికాలమంతా గోధుమ వన్నెతో కనబడుతుంది. మంచును ఉంచితే పసుపును తగ్గించాలి, పసుపును ఉంచితే పద్యాన్ని ఆగస్టుకు జరపాలి. మొదటిదే మేలని నా అభిప్రాయం. మూడవ పాదాన్ని ‘పసుపు తగ్గిన పిచ్చుకల్ పట్టుకొనగ’ అని మార్చితే గణాలూ యతీ చెడవు, పిట్ట కాడను పట్టుకొని వేలాడే తీరు కూడా కనబడుతుంది.

మిచిగన్ సభ్యుడు: ఒక సందేహం. వాడిన పూలను తుంచితేనే కొత్త మొగ్గలు వస్తాయని తోటపనివారందరూ చెబుతారు కదా, మరి ఈ భావం వారి మాటకు విరుద్ధం కాదా?

న్యూజెర్సీ సభ్యురాలు: సవరణకు కృతజ్ఞతలు, స్వీకరిస్తున్నాను. ఇక సందేహానికి వస్తే, జూన్, జూలై నెలలలో వాడినవాటిని కింది ఆకు దగ్గరికి తుంచి, ఆగస్టు చివర పూచినవాటిని మాత్రం గింజ కట్టడానికి వదిలివేయడం మా ఇంటి పద్ధతి. మిగిలిన కాడలను కొత్త చిగురు రాకముందే, వసంతారంభంలో నేల మట్టానికి కోస్తాము.

మిచిగన్ సభ్యుని పూరణ:

నేల రాలిన గింజలు నిదుర వోయి
చలికి నానుచు వారముల్ గడిపి పిదప
మరు వసంతాన మొలకలై మరల లేవ
వాడిపోయిన పూవులే వన్నె తెచ్చు.

నిర్వాహకుడు: రెండవ పాదంలో చకారానికి గకారంతో యతి చెల్లదు. ‘గడిపి’ స్థానంలో ‘జరిపి’ అంటే సరిపోతుంది. భావం మాత్రం శాస్త్రసమ్మతమే: తడిలో చలి తగిలిన గింజ బాగా మొలుస్తుంది, అందుకే శరత్తులో విత్తడమో, తడి ఇసుకలో కలిపి నాలుగు నుండి ఎనిమిది వారాలు ఫ్రిజ్‌లో ఉంచడమో చేస్తారు. ఆ వసంతానికే వన్నె వస్తుందన్న ధ్వని ఉన్నది గాని, గింజ నుండి పెరిగిన మొక్క సాధారణంగా రెండవ ఏటనే పూస్తుంది. కవికి ఆ ఒక్క ఏడు మన్నింపు ఇవ్వవచ్చు. పైగా, సంకర రకాల గింజలు తల్లి రంగును నిలబెట్టుకోవు.

ఓహాయో సభ్యుని పూరణ:

పచ్చ రోగము సోకిన పాడు మొక్క
పెరికి వేయక తోటలోఁ బెంచినంత
చుట్టు మొక్కల కది పాకి సొంపు చెడును
వాడిపోయిన పూవులే వన్నె తెచ్చు?

నిర్వాహకుడు: సమస్యను ప్రశ్నగా త్రిప్పడం పెద్దలు అంగీకరించిన మార్గమే అయినా, అది కొంచెం సులభమైన దారి అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మీరు పచ్చ రోగమన్నది, రేకులు ఆకుపచ్చగా మారి, కోను మీద ఆకులవంటివి పొడుచుకువచ్చే ఆస్టర్ యెల్లోస్ తెగులు కదా; దానికి మందు లేదు, మొక్కను వేరుతో సహా తీసివేయవలసినదే. కాని అది తనంతట పాకదు. రసం పీల్చే పచ్చదోమ జాతి పురుగు మోసుకొనివస్తుంది. మూడవ పాదాన్ని ‘దోమ మోసిన తెగులుతోఁ దోట చెడును’ అంటే కారణమూ స్పష్టమవుతుంది, యతీ నిలుస్తుంది.

ఓహాయో సభ్యుడు: సవరణ బాగున్నది. అయితే కోను మీద మాత్రమే కుచ్చులు వచ్చి, ఆకులు, రేకులు మామూలుగా ఉన్న మొక్కను కూడా పెరకవలసినదేనా?

నిర్వాహకుడు: అక్కరలేదు. అది కోనులో చేరే కంటికి కనబడని నల్లి పని కావచ్చు. ఆ తలలను కోసి చెత్తలో వేస్తే చాలు, ఎరువు గుంతలో మాత్రం వేయకండి.