ఎండకు కాలిన ప్రోబయోటిక్ డబ్బా పనికొస్తుందా? పెరుగు చాలదా?

బెంజిసర్కిల్_పిల్ల:
తెల్లబట్ట, వాసన. ఏడాదిలో ఇది మూడోసారి. యాంటిబయాటిక్ కోర్సు అయ్యాక వాడమని డాక్టరమ్మ ల్యాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్స్ రాశారు, మింగేవి. ఆన్‌లైన్‌లో తెప్పించాను. మే నెల బెజవాడ సంగతి తెలిసిందే కదా, పార్శిల్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. డబ్బా మీదేమో 25 డిగ్రీల లోపు ఉంచాలని ఉంది. లోపల ఏమైనా బతికి ఉంటుందా?

పెరుగుగిన్నె_గుంటూరు:
చలికాలంలో రాత్రంతా ఉంచినా పెరుగు సరిగ్గా తోడుకోదు. ఎండాకాలం మూడు నాలుగు గంటల్లో గడ్డ కడుతుంది. ఆ బ్యాక్టీరియాకు వేడంటేనే ఇష్టం, ఎందుకు చస్తుంది? అసలు డబ్బా ఎందుకు, రోజూ రెండు పూటలా పెరుగు తిను తల్లీ.

ల్యాబ్_మాస్టారు:
రెండూ కలిపేశారు. డెయిరీలు పెరుగుకు వాడే బల్గారికస్, థర్మోఫిలస్ 42 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతాయి. యోనిలో కాపలా కాసే ల్యాక్టోబాసిల్లస్ రకాలు వేరు. క్రిస్పేటస్ అందులో ముఖ్యమైనది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వల్ల అక్కడి గోడ కణాల్లో గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థం చేరుతుంది. దాన్నుంచి వచ్చే చక్కెరలు తిని ఇవి ల్యాక్టిక్ ఆమ్లం చేస్తాయి. అక్కడి పీహెచ్, అంటే పులుపు కొలత (ఎంత తక్కువైతే అంత పులుపు), 4.5 లోపే ఉండేది అందుకే.
ఇక వేడి. మీ గిన్నెలో తడి ఉంది, తిండి ఉంది, అది పిల్లలు పెడుతోంది. క్యాప్సూల్‌లోది ఎండబెట్టిన పొడి. వేడీ చెమ్మా తగిలేకొద్దీ చచ్చేవే తప్ప పుట్టేవి ఉండవు. ఫ్యాక్టరీలో ఎలా పెంచారన్నదీ ముఖ్యమే. జోరుగా పెరుగుతున్నప్పుడు తీసి ఎండబెడితే ఎక్కువ చస్తాయి. తిండి తగ్గి పెరుగుదల ఆగాక తీస్తే, అప్పటికే కష్టానికి అలవాటు పడి ఉంటాయి కాబట్టి మామూలుగా ఎక్కువ బతుకుతాయి. డబ్బా మీద ఇవేవీ రాయరు.

పెరుగుగిన్నె_గుంటూరు:
ఒంట్లో 37లో పెరిగేది 42కి చస్తుందా, చావదా? ఒక్క ముక్క చెప్పండి.

కృష్ణలంక_కుర్రాడు:
మా ఇంట్లో ఫ్యానే చచ్చింది. బ్యాక్టీరియా ఎంత.

మందులషాపు:
60 రూపాయలు తక్కువని ఆన్‌లైన్‌లో కొంటారు, డబ్బా వేడెక్కితే మమ్మల్ని అడుగుతారు. మా ఫ్రిజ్ కరెంటు బిల్లు ఎవరు కడతారు?

బెంజిసర్కిల్_పిల్ల:
మిమ్మల్ని ఎవరడిగారండీ? ఇంకో డబ్బా మీద ‘పెరాక్సైడ్ చేసే రకం’ అని చూశాను. అది మంచిదా?

ల్యాబ్_మాస్టారు:
పెరాక్సైడ్ అంటే సూక్ష్మజీవుల్ని చంపే రసాయనం. గాలి తగిలేలా పెంచితే ఈ బ్యాక్టీరియా దాన్ని బాగానే చేస్తాయి. అక్కడ ఆక్సిజన్ చాలా తక్కువ. అసలు పని ల్యాక్టిక్ ఆమ్లానిదే. ఇంకొకటి. యోనిలో చెడు బ్యాక్టీరియా పెరిగే జబ్బు ఉన్న 228 మంది మీద అమెరికాలో చేసిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. మందు జెల్ వాడాక క్రిస్పేటస్ పెట్టుకున్నవాళ్లలో 12 వారాల లోపు 30 శాతం మందికి ఆ జబ్బు మళ్లీ వచ్చింది, బ్యాక్టీరియా లేని ఉత్తి పొడి పెట్టుకున్నవాళ్లలో 45 శాతం మందికి. అది లోపల పెట్టుకునేది, మింగేది కాదు.

పెరుగుగిన్నె_గుంటూరు:
37 సంగతి ఇంకా చెప్పలేదు మాస్టారూ. పళ్లేల్లో పెంచి చూసేవాళ్లకు ఆడవాళ్ల బాధ ఏం తెలుస్తుంది!

బెంజిసర్కిల్_పిల్ల:
ఆంటీ, ఇంక ఆపండి. మా అత్తగారూ ఇదే మాట. మొదటిసారి వచ్చినప్పుడు ‘పెరుగు తిను, తగ్గిపోతుంది, ఇలాంటివి బయట చెప్పుకుంటారా’ అని నాలుగు నెలలు డాక్టర్ దగ్గరికి పోనివ్వలేదు. పెరుగు మాట వింటేనే ఒళ్లు మండుతోంది నాకు.

పెరుగుగిన్నె_గుంటూరు:
మా అమ్మాయిది దీనికి తిరగేసిన కథ. హైదరాబాదులో ఉద్యోగం, డాక్టర్ దగ్గరికి పోవడానికి సిగ్గు. యాప్‌లో చూసి ఇవే డబ్బాలు ఆరు నెలలు మింగింది. చివరికి పరీక్ష చేస్తే బ్యాక్టీరియా కాదు, ఈస్ట్ అనే ఫంగస్ అన్నారు, షుగర్ బయటపడింది. 27 ఏళ్లకు! నా కోపం డబ్బాల మీద తల్లీ, నీ మీద కాదు.

ల్యాబ్_మాస్టారు:
ఈస్ట్ అయితే పీహెచ్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఈ కాపలా బ్యాక్టీరియా ఉన్నా అది రావచ్చు. ఎండ గొడవ తర్వాత. అమ్మాయ్, మూడుసార్లలో ఎప్పుడైనా స్వాబ్ (దూదిపుల్లతో పరీక్షకు తీసే శాంపిల్) తీశారా? పీహెచ్ చూశారా?

బెంజిసర్కిల్_పిల్ల:
లేదండీ. మూడుసార్లూ అడిగి రాసిచ్చారంతే.

మందులషాపు:
సీలు విప్పలేదు కదా? ముందు వాపసు పెట్టండి.

బెంజిసర్కిల్_పిల్ల:
విప్పలేదు. గురువారం వేరే డాక్టరమ్మకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, స్వాబ్ నేనే అడుగుతాను. అత్తగారికి పంటి నొప్పి అని చెప్పాను.

పెరుగుగిన్నె_గుంటూరు:
షుగర్ కూడా చూపించుకో. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయి.