వీపీఎన్‌లో డబుల్ హాప్, కిల్ స్విచ్ పెడితే స్పీడ్ పోతోంది, ఏది తీసేయాలి?

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ ఫైబర్. ఓపెన్‌వీపీఎన్ టీసీపీ (పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే పద్ధతి), డబుల్ హాప్ (వరసగా రెండు వీపీఎన్ సర్వర్ల మీదుగా వెళ్లడం), కిల్ స్విచ్ (వీపీఎన్ తెగితే నెట్ ఆపేసేది) మూడూ ఆన్ చేస్తే 18 ఎంబీపీఎస్ దాటట్లేదు. దేన్ని ఆపితే నష్టం తక్కువండీ?

జవాబు 1: కిల్ స్విచ్ జోలికి పోకండి, అది ఫైర్‌వాల్ రూలే, స్పీడ్ తినదు. ముందు టీసీపీ మానేసి యూడీపీ (మళ్లీ పంపే పని పెట్టుకోని పద్ధతి) పెట్టండి. చాలా సైట్లు ఎలాగూ టీసీపీయే వాడతాయి; వీపీఎన్ కూడా అదే వాడి టీసీపీ లోపల టీసీపీ నడిస్తే, ఒక్క ప్యాకెట్ పోయినా రెండు పొరలూ మళ్లీ పంపడం మొదలెడతాయి.

జవాబు 2: వైర్‌గార్డ్ (ఓపెన్‌వీపీఎన్‌కి బదులు వాడే తేలికైన వీపీఎన్ పద్ధతి) ఉంటే ఇంకా నయం. పీపీపీఓఈ లైనైతే (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్), వైర్‌గార్డ్‌లో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 1420 నుంచి 1412కి దించండి. లేదంటే పింగ్ బాగానే వెళ్తుంది, కొన్ని సైట్లు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటాయి.

జవాబు 3: డబుల్ హాప్ అసలు దేనికండీ? ఒక్క సర్వర్‌ని నమ్మలేకపోతే సరే. ఓటీటీకైతే దండగ. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ అంటే పింగే (డేటా వెళ్లి తిరిగొచ్చే సమయం) సుమారు 200 మిల్లీసెకన్లు.