డ్యూటీ టైమ్ దాటాక చేసే పనికి నర్సులు డబ్బు అడగొచ్చా, అడగకూడదా? కొందరు నర్సుల మధ్య చర్చ

రాత్రి డ్యూటీ:
మాది పన్నెండు గంటల నైట్. సాయంత్రం ఏడింటికి ఎక్కితే పొద్దున ఏడింటికి దిగాలి. గత నెలలో ఒక్క రోజు కూడా ఏడున్నరలోపు దిగలేదు. రిలీవర్ (నా తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన నర్సు) రాకపోవడమో, హ్యాండోవర్ (రోగుల సంగతులు ఆమెకు అప్పగించడం) మధ్యలో కొత్త అడ్మిషన్ రావడమో, చార్టులు మిగిలిపోవడమో ఏదో ఒకటి ఉంటుంది. రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) మాత్రం నేను ఏడింటికే దిగిపోయినట్టు. ఆ పైన చేసినదానికి డబ్బూ లేదు, బదులు సెలవూ లేదు. అడిగితే "రోగుల దగ్గర గంటలు లెక్కపెడతావా?" అన్నారు.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని విషయం ఒకటి చెబుతాను. మొన్న ఏడూ యాభైకి, రిలీవర్ ఇంకా రాక, టిఫిన్‌కు ముందు ఇవ్వాల్సిన ఇన్సులిన్ నేనే తీస్తున్నాను. చార్టులో "యూనిట్లు" అని పూర్తిగా రాయకుండా 4 పక్కన ఇంగ్లీషు యూ (U) అక్షరం ఒక్కటే రాశారు. అది నాకు సున్నాలా కనిపించింది. సిరంజిలోకి మందు లాగుతూనే ఉన్నాను. మంచం మీది పెద్దాయన "రోజూ ఇంత ఎక్కించరు కదమ్మా" అన్నారు. నా చేతులు చల్లబడిపోయాయి. నాలుగు ఇవ్వాల్సిన చోట నలభై తీస్తున్నాను.

అందుకే అడుగుతున్నా. ఆ యాభై నిమిషాలు ఎవరి ఖాతాలోవి?

పాత సిస్టర్:
అమ్మా, ముందు ఆ పెద్దాయనకు దండం పెట్టుకో. అలాంటిది నాకూ జరిగింది, అది ఎంత కాలం వెంటాడుతుందో తెలుసు. కానీ డబ్బు మాట మాత్రం నాకు మింగుడుపడటం లేదు. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నాను. హ్యాండోవర్ మన పనిలో భాగం. డ్రిప్ ఎంత మిగిలింది, యూరిన్ ఎంత వచ్చింది, ఏ డోసు పడలేదు, ఇవన్నీ చెప్పకుండా ఎలా దిగుతాం? దానికి గడియారం పెట్టి బిల్లు వేస్తే, ఏడు కొట్టగానే సగం మాటలో లేచిపోయేవాళ్లు తయారవుతారు. మనల్ని చూసి వార్డు ధైర్యంగా ఉంటుంది. ఆ నమ్మకాన్ని చేతులారా పోగొట్టుకోవద్దు.

మేల్ స్టాఫ్:
మేడమ్, మీరంటే గౌరవం ఉంది. హ్యాండోవర్ పనిలో భాగమేనన్నారు, ఒప్పుకుంటాను. పనిలో భాగమైనది జీతంలో భాగం ఎందుకు కాదు?

"సేవ కదా" అనే మాట ఎంత పాతదో చూడండి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒప్పందం ఫ్యాక్టరీ పనివాళ్లకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పెట్టింది. ఓవర్‌టైమ్‌కు మామూలు రేటు కంటే కనీసం పావు వంతు ఎక్కువ ఇవ్వాలంది. 1930లో దుకాణాలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఇంకో ఒప్పందం వచ్చింది. అది ఎవరికి వర్తించదో చెప్పే జాబితాలో మొట్టమొదట ఉన్నది రోగులకు చికిత్స, సంరక్షణ ఇచ్చే సంస్థలే. అంటే గుమాస్తాకు గంటల లెక్క వచ్చింది, మనకు రాలేదు. నర్సుల కోసం ప్రత్యేకంగా 149వ ఒప్పందం 1977లో గానీ రాలేదు. పనిగంటలు, ఓవర్‌టైమ్ పరిహారం, వారపు సెలవు లాంటి విషయాల్లో మిగతా కార్మికులతో సమానంగానో, అంతకంటే మెరుగ్గానో ఉండాలని అందులో ఉంది. దాంతోపాటే వచ్చిన 157వ సిఫార్సు ఇంకా స్పష్టం: ఓవర్‌టైమ్ కలుపుకొని కూడా రోజుకు 12 గంటలు దాటకూడదు, రెండు డ్యూటీల మధ్య కనీసం 12 గంటల విశ్రాంతి ఉండాలి, ఓవర్‌టైమ్‌కు బదులు సెలవో, ఎక్కువ రేటో, రెండూనో ఇవ్వాలి.

సిఫార్సుకు చట్టబలం లేదు, ఒప్పందం కూడా ఆమోదించిన దేశాలనే కట్టిపడేస్తుంది. కాబట్టి ముందు మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి పనిగంటల గురించి ఏం రాశారో చదవండి. సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని మళ్లీ తెరిచినవాళ్లు మనలో చాలా తక్కువ.

వార్డు ఇన్‌ఛార్జి:
రోస్టర్ వేసేది నేను, తిట్లు పడేదీ నేనే. నా వైపు నుంచి కూడా వినండి.

ముప్పై మంచాల వార్డుకు నైట్‌లో ఇద్దరే ఉంటారు. మూడో మనిషి కావాలని ఎన్నిసార్లు రాసినా, పైవాళ్లు నా ముందు పెట్టేది నా రిజిస్టరే. "అందరూ టైమ్‌కు దిగుతున్నారుగా, పని జరిగిపోతోందిగా" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మీరు రాయని ఆ గంటే నా నోరు మూయిస్తోంది. కాబట్టి రాయండి, తప్పకుండా రాయండి.

కానీ దానికి డబ్బు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. డబ్బు వస్తుందంటే, నిలబడలేక గోడకు ఆనుకున్నవాళ్లే డబుల్ డ్యూటీకి ముందు చెయ్యెత్తుతారు. కళ్లారా చూశాను. అలసటకు మందు విశ్రాంతి. బదులు ఆఫ్ ఇస్తే మనిషి నిలబడుతుంది.

ఇంటికి ఒక్క జీతం:
మేడమ్, నా ఓవర్‌టైమ్ ఆపే మాట దయచేసి అనకండి. ఇద్దరు పిల్లలు, ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. నెలకు రెండు డబుల్ డ్యూటీలు చేయకపోతే అప్పు కిస్తీ కట్టలేను. అలసిపోతున్నానని నాకు తెలియదా? ఇక బదులు ఆఫ్ అంటారా, నా పేరు మీద పదకొండు ఆఫ్‌లు పేరుకుపోయి ఉన్నాయి. ఎప్పుడడిగినా "స్టాఫ్ లేరు, వచ్చే నెల చూద్దాం" అంటారు. తీసుకోలేని ఆఫ్ నాకు దేనికి?

మేల్ స్టాఫ్:
సిస్టర్, మీ ఓవర్‌టైమ్ ఆపమని ఎవరూ అనడం లేదు. మామూలు జీతంతో కిస్తీ కట్టలేకపోవడమే అసలు జబ్బు. ఇన్‌ఛార్జి మేడమ్‌కు ఒక్క మాట: ఆఫ్ ఇస్తామంటే గడువు పెట్టి ఇవ్వాలి. ఫలానా తేదీలోపు ఇవ్వలేకపోతే అది డబ్బుగా మారాలి. గడువు లేని ఆఫ్ అంటే ఎగ్గొట్టిన బాకీ.

ఐసీయూ సిస్టర్:
చర్చ "పన్నెండు గంటల డ్యూటీలు తీసేయాలి" దాకా పోతుందేమోనని భయంగా ఉంది. నాకు పన్నెండు గంటలే నయం. వారానికి మూడు రోజులు ఒళ్లు దాచుకోకుండా చేస్తాను, నాలుగు రోజులు ఇంట్లో ఉంటాను. రాకపోకలు తగ్గుతాయి, హ్యాండోవర్లు తగ్గుతాయి, వెంటిలేటర్ మీదున్న మనిషిని పగలంతా ఒకరే చూసుకుంటారు. ఎనిమిది గంటలు పెడితే వారానికి ఐదారు రోజులు ఆసుపత్రిలోనే గడిచిపోతాయి.

రాత్రి డ్యూటీ:
సిస్టర్, నాకూ మొదట్లో అలాగే అనిపించేది. 2012లో అమెరికాలోని నాలుగు రాష్ట్రాల నర్సులపై ఒక అధ్యయనం వచ్చింది. ఎనభై శాతానికి పైగా నర్సులు తమ డ్యూటీ వేళలు బాగానే ఉన్నాయన్నారు. కానీ పది గంటలు, అంతకంటే ఎక్కువ డ్యూటీ చేసేవాళ్లలో పూర్తిగా నీరసించి, పని మీద మనసు విరిగిపోయినవాళ్లు బాగా ఎక్కువ. ఇష్టంగా చేస్తున్నా ఒళ్లు వేరే లెక్క రాసుకుంటోంది. 2004లో అక్కడే 393 మంది నర్సుల డైరీలు చూస్తే, డ్యూటీ పన్నెండున్నర గంటలు చేరాక పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లయింది.

పన్నెండున్నర అంటే ఏమిటో గమనించండి. మన పన్నెండు గంటలకు ఆ రాయని అరగంట కలిస్తే సరిగ్గా అక్కడికే చేరతాం. మీ పన్నెండు గంటలు తీసేయమని నేను అనను. పదమూడో గంటను ఎవరూ చూడకుండా వదిలేయొద్దంటున్నాను.

ఇంకోటి, మనం డ్యూటీ ఎక్కినప్పుడు నిద్ర లేవం. మధ్యాహ్నం రెండింటికి లేచి నైట్‌కు వస్తే, పొద్దున ఏడింటికి మెలకువగా ఉండి పదిహేడు గంటలు. అన్ని గంటలు మేలుకున్న మనిషి చేతి పని, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనిలా తడబడుతుందని 1997లోనే పరీక్షించి చూపించారు. మందు తాగి వచ్చినవాళ్లను వార్డులోకి రానిస్తామా?

పాత సిస్టర్:
రాత్రంతా మీ మాటలే తలలో తిరిగాయి. వయసులో ఉన్నప్పుడు ఒకసారి వరసగా రెండు డ్యూటీలు చేసి బండి మీద ఇంటికి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర కళ్లు మూతపడ్డాయి. వెనకవాళ్లు హారన్ కొడితే మెలకువ వచ్చింది. ఎడమ కాలు కింద ఆనించి ఉంది కాబట్టి పడలేదు. ఇంట్లో చెప్పలేదు, ఆసుపత్రిలోనూ చెప్పలేదు. "నా వల్ల కాదు" అన్నట్టు ఉంటుందని.

గుండె ఆగిన మనిషి ముందుంటే ఈ రోజుకీ నేను గడియారం చూడను. ఆ విషయంలో నా మాట మారదు. కానీ రోజూ రిలీవర్ లేటుగా రావడం ఎమర్జెన్సీ కాదు. అది ముందే తెలిసిన సంగతి. ఎమర్జెన్సీకి మనం చూపే ఓపికను, ఈ రోజువారీ లోటు పూడ్చుకోవడానికి వాడుకుంటున్నారు. డబ్బా, ఆఫా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. రాయాలన్నది మాత్రం ఒప్పుకుంటున్నా.

మేల్ స్టాఫ్:
అసలు ఈ లెక్క పెట్టాల్సింది మనం కూడా కాదు మేడమ్. ఉద్యోగి రోజూ ఎంతసేపు పనిచేసిందీ కొలిచే నమ్మకమైన పద్ధతి యజమానులే పెట్టేలా చూడాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 మే 14న తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు అక్కడి దేశాలకే. మిగతా చోట్ల అలాంటిది వచ్చేదాకా సొంత డైరీ పెట్టండి. తేదీ, దిగాల్సిన టైమ్, దిగిన టైమ్, కారణం, ఎవరు ఉండమన్నారు, ఇవి చాలు. రోగి పేరు, మంచం నంబరు, జబ్బు వివరాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయొద్దు. ఏ రోజుది ఆ రోజే రాయండి, నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే ఎవరూ నమ్మరు.

వార్డు ఇన్‌ఛార్జి:
నా వార్డు రిజిస్టర్‌లో ఈ సోమవారం నుంచి రెండు గళ్లు అదనంగా గీశాను. "నిజంగా దిగిన టైమ్", "కారణం". పక్కన నా సంతకం ఉంటుంది. పైవాళ్లు ఏమంటారో చూడాలి. ఆఫ్‌లకు గడువు పెట్టే సంగతి కూడా ఈ నెల మీటింగ్‌లో అడుగుతాను, ఇస్తారన్న మాట మాత్రం ఇప్పుడు ఇవ్వలేను.

రాత్రి డ్యూటీ:
మా ఇన్‌ఛార్జికి ఇదంతా చూపించాను. గళ్లు గీయలేదు కానీ, మార్జిన్‌లో రాసుకో, సంతకం పెడతాను అన్నారు. ఈ పొద్దున రాసింది ఇదీ: దిగాల్సింది 7:00, దిగింది 8:10. కారణం, రిలీవర్ సెలవు, బదులు ఎవరినీ వేయలేదు. ఆవిడ చదివి, ఒక నిమిషం ఆగి, సంతకం పెట్టారు. డబ్బు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. వచ్చే వారం నేనే ఎత్తుతాను.