అప్‌డేట్: అమ్మ రిపోర్టు మీద 'మైక్రోబయాలజీ' అని ఎందుకుందో తెలిసింది

గుంటూరులో అమ్మకి మూత్రంలో మంటగా ఉందని యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) చేయిస్తే రిపోర్టు పైన 'మైక్రోబయాలజీ' అని ఉంది, అదేమన్నా పెద్ద జబ్బా అని పోయిన వారం ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ.

అది జబ్బు పేరు కాదు, పరీక్ష చేసిన విభాగం పేరు. గ్రీకులో మైక్రోస్ అంటే చిన్నది, బయోస్ అంటే జీవం. మన పుస్తకాల్లో సూక్ష్మజీవశాస్త్రం అంటారు. 'బయో' చూసి బయాప్సీ (ఒంట్లోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు నేను. దానికీ దీనికీ సంబంధమే లేదు.

'కింద ఎస్, ఆర్ అక్షరాలు చూడండి' అన్నవారి సలహానే పనికొచ్చింది. డాక్టరుగారు ఒక్కో వరుస మీద వేలు పెట్టి చూపించారు. శాంపిల్‌ని అగార్ ప్లేటు (బ్యాక్టీరియా పెరగడానికి జెల్లీలాంటి పదార్థం పోసిన పళ్ళెం) మీద పూసి, సుమారు 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచితే బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరుగుతుందట. అమ్మకి పెరిగింది ఈ-కొలై అనే బ్యాక్టీరియా. ఎస్ అంటే ఆ వరుసలో ఉన్న మందుకి బ్యాక్టీరియా లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. మేం ముందు మెడికల్ షాపులో అడిగి వేసిన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా ఆర్ ఉంది! మంట ఎందుకు తగ్గలేదో అప్పుడర్థమైంది. నైట్రోఫ్యూరంటాయిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి ఎస్ వచ్చింది, అదే రాశారు. 5 రోజులు వాడింది. మొన్నటి నుంచి మంట లేదు, అమ్మ హాయిగా పడుకుంటోంది.