యుద్ధం మీద మా ప్రతినిధి అసలు ఓటు ఏదో తెలుసుకోవడం ఎలా?

నేను అమెరికాలో ఓటరుని. ఇన్నాళ్లూ ఒకే పార్టీకి ఓటు వేశాను, ఇక పార్టీ పేరు చూసి వేయలేను. యుద్ధం విషయంలో ఆ పేరు నమ్మకానికి ఆధారం కాదు. 2002లో ఇరాక్ యుద్ధ తీర్మానం సెనేట్‌లో 77-23తో నెగ్గితే, అనుకూలంగా ఓటేసిన వాళ్లలో 29 మంది డెమొక్రాట్లు. 2011లో లిబియా దాడులు, అధ్యక్షుడి యుద్ధ అధికారాలపై 1973 చట్టం పెట్టిన 60 రోజుల గడువు దాటాక కూడా కాంగ్రెస్ అనుమతి లేకుండానే సాగాయి. అప్పుడున్నది డెమొక్రాట్ అధ్యక్షుడే.

అందుకే మా హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) సభ్యుడి ఓట్లు నేనే చూద్దామని కాంగ్రెస్ వెబ్‌సైట్‌లోనూ, హౌస్ క్లర్క్ రోల్ కాల్ జాబితాలోనూ (ఎవరు ఎలా ఓటేశారో పేరుపేరునా ఉండే జాబితా) వెతికాను. 'యుద్ధం' లాంటి మాటలతో వెతికితే ముఖ్యమైన ఓట్లు తప్పిపోతున్నాయి. ఉదాహరణకు 2018 డిసెంబరులో, యెమెన్ యుద్ధంలో అమెరికా సాయం ఆపాలన్న తీర్మానం ఓటింగుకు రాకుండా ఆపే నిబంధనను వ్యవసాయ బిల్లు చర్చా నియమాల్లో కలిపేశారు. అది 206-203తో నెగ్గింది. జాబితాలో చూస్తే వ్యవసాయం ఓటులాగే కనిపిస్తుంది! ఇది ఓటరుకి జరిగిన అన్యాయమే అంటాను. రక్షణ బడ్జెట్ బిల్లులదీ ఇదే తంతు, జీతాల పెంపూ యుద్ధ అధికారాలూ ఒకే ఓటులో ఉంటాయి.

ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే "సైనికులకు ఎప్పుడూ అండగా ఉంటాం" అన్న ఉత్తరం వచ్చింది, అంతే.

వేరే బిల్లుల నియమాల్లో దాగిన ఇలాంటి యుద్ధ ఓట్లను ఒక సభ్యుడి రికార్డులో పట్టుకునే పద్ధతి ఏమిటి?